పట్టా పుచ్చుకొన్న పిదప

వైద్యుని చదువు పట్టాతో ముగియదని అందరును అందురు. ఆ మాట వినుటకు సులభము; దాని నాచరించుట యెట్లో విచారించినవారు కొద్దిమంది. ముప్పది యేండ్ల ప్రాయమున కాన్సరు వైద్యమునందు పైపట్టా పుచ్చుకొని ఆసుపత్రిలో చేరిన డాక్టరు అరువదియైదవ యేట విశ్రాంతి తీసికొనునంతవరకు రోగులను చూచుచునే యుండును. ఆ ముప్పదియైదేండ్లును అతడు చదివిన పాఠ్యగ్రంథము మాత్రము మారక నిలిచి యుండదు. అందలి కొన్ని పుటలు పాతబడును. కొన్ని తప్పని తేలును. కొన్ని ప్రకరణములు మొదలంట మారిపోవును.

ఒక్క యుదాహరణము చాలును. క్రానిక్ మైలాయిడ్ లుకేమియా అను రక్తపు కాన్సరు కలదు. 1990 ప్రాంతమున చదువుకొన్న వైద్యుడు, ఈ జబ్బు వచ్చినవారిలో పెక్కుమంది కొద్ది సంవత్సరములకు మించి బ్రతుకరనియు, మూలుగ మార్పిడి యొక్కటియే దానిని కుదుర్పగలదనియు, అదియు అందరికి వీలుపడదనియు నేర్చుకొనెను. ఆనాటికి అది సత్యమే. 2001లో ఇమాటినిబ్ అను మాత్రకు అమెరికాలో అనుమతి లభించెను. దినమున కొకసారి నోట వేసికొని నీళ్ళు త్రాగిన చాలును. ఆ మాత్రతో చికిత్స మొదలిడినవారిని అయిదేండ్లు కనిపెట్టి చూడగా నూటికి ఎనుబదితొమ్మిదిమంది జీవించియుండిరని 2006లో ప్రకటింపబడెను. పాత పుటను నమ్ముకొని కూర్చున్న వైద్యుని చేతిలో పడిన రోగి గతి యేమి?

కావున ఇది కేవలము వైద్యుని పాండిత్యమునకు సంబంధించిన ముచ్చట కాదు. రోగి ప్రాణమునకు సంబంధించినది. అయినను చదువవలసినది అపారము. అమెరికాలోని జాతీయ వైద్య గ్రంథాలయము వారి పబ్‌మెడ్ సూచికలో ఏటేట పది లక్షలకు పైగా వ్యాసములు వచ్చి చేరుచున్నవి. రాత్రింబవళ్ళు చదివినను ఆ ప్రవాహమును ఏ వైద్యుడును దాటలేడు. అన్నిటిని చదువుట అతని పని కాదు. దేనిని నమ్మవలెనో, తాను నమ్మినదానిలో దేనిని విడువవలెనో తెలిసికొనుటయే అతని పని. క్రొత్తది నేర్చుట కష్టమే. గురువు చేతిమీదుగా నేర్చి, ఇరువదియేండ్లు ఆచరించి, దానివలన పేరు తెచ్చుకొన్న పద్ధతిని విడిచిపెట్టుట అంతకంటె కష్టము. ఆ కష్టమెంతటిదో స్తన కాన్సరు చికిత్స చరిత్రయే చెప్పును.

గురువు చూపిన దారి

అమెరికాలోని బాల్టిమోరు నగరమున జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రిలో విలియం హాల్‌స్టెడ్ అను శస్త్రవైద్యు డుండెను. 1852లో పుట్టి 1922లో మరణించిన యీతడు సామాన్యుడు కాడు. ఆపరేషను గదిలో రబ్బరు చేతితొడుగులను వాడుకలోనికి తెచ్చినవారిలో ఆద్యుడు. రక్తము వృథా కాకుండ, కండను నలుపకుండ, నెమ్మదిగ కోయవలెనని శిష్యులకు నేర్పినవాడు. అమెరికాలో శస్త్రవైద్యుల శిక్షణకు ఒక క్రమమును ఏర్పరచినవాడు.

మన పెద్దలు రాచపుండు అని భయపడిన ఈ వ్యాధి స్తనమున పుట్టినప్పుడు, ఆ కాలమున గడ్డను కోసివేసినను కొద్దికాలములోనే అదే తావున మరల మొలచుచుండెను. హాల్‌స్టెడ్ ఇట్లు తలపోసెను: కాన్సరు కలుపుమొక్క వంటిది. అది పుట్టినచోటినుండి వేళ్ళు తన్నుకొనుచు వరుసగా చుట్టుప్రక్కలకు ప్రాకును. ఎంత విశాలముగ త్రవ్వి తీసిన అంత నిశ్చయముగ నశించును. ఈ తలపుతో అతడు స్తనమును, దానిక్రింది యెదకండరములను, చంకలోని బిళ్ళలను ఒక్కమారుగ తొలగించు ఆపరేషను చేయసాగెను. 1894లో ఏబదిమంది రోగుల వృత్తాంతమును ప్రకటించెను. కోసిన తావున గడ్డ మరల లేచినది నూటికి ఆరుగురికి మాత్రమే. ఐరోపాలోని పేరుపడిన వైద్యుల చేతిలో సగముమందికి పైగా రోగులకు అది మరల లేచుచుండిన దినములలో ఈ ఫలితము అద్భుతముగ తోచెను.

ఆ యద్భుతములో ఒక మెలిక కలదు. కోసిన తావున గడ్డ మరల రాకుండుట వేరు. రోగి బ్రతుకుట వేరు. కాన్సరు కణములు అంతకుముందే కాలేయమునకో ఎముకలకో చేరియున్నచో ఎదను ఎంత లోతుగ కోసినను రోగి దక్కదు. చేరకున్నచో అంత లోతుగ కోయనక్కరయే లేకపోవచ్చును. ఈ రెండింటిలో ఏది నిజమో తేల్చుటకు సాటి పద్ధతితో సరిపోల్చి చూడవలెను. అట్టి పోలిక దశాబ్దముల తరబడి జరుగలేదు. గురువు గొప్పవాడు; ఫలితము కంటికి కనబడుచున్నది; ఇక సందేహమెందుకు?

హాల్‌స్టెడ్ శిష్యులు పెద్ద పెద్ద ఆసుపత్రులలో ఆచార్యులైరి. వారి శిష్యులును ఆచార్యులైరి. రోగి మరణించినచో చాలినంత కోయకపోవుటయే కారణమని కొందరు తలచి, మెడవరకును, ప్రక్కటెముకల లోపలివరకును కోత సాగించిరి. ఎద గుంటపడి, చేయి వాచి, భుజము పైకెత్తలేక జీవించిన స్త్రీల సంఖ్య లక్షలలో నుండును. అనుమానపు గడ్డతో ఆపరేషను బల్లపై పడుకొన్న స్త్రీ, మెలకువ వచ్చునప్పటికి తన స్తనముండునో లేదో తెలియకయే మత్తుమందు పీల్చుట ఆనాటి యాచారము. ముక్క కోసి పరీక్షించుటయు, కాన్సరని తేలిన వెంటనే స్తనమును తీసివేయుటయు ఒకే మత్తులో జరుగుచుండెను.

వేరు మాట పలికినవారు లేకపోలేదు. లండనులోని సెయింట్ బార్తొలోమ్యూ ఆసుపత్రిలో జెఫ్రీ కీన్స్ అను శస్త్రవైద్యుడు 1920ల దశకములోనే చిన్న కోతతో సరిపెట్టి, రేడియం సూదులను గుచ్చి చికిత్స చేసెను. ఆర్థికశాస్త్రవేత్తగా లోకప్రసిద్ధుడైన జాన్ మేనార్డ్ కీన్స్‌కు ఇతడు తమ్ముడు. తన రోగుల ఫలితములు పెద్ద ఆపరేషను ఫలితములకు తీసిపోలేదని 1937లో ప్రకటించెను. ఆ వ్యాసమును చదివినవారు కలరు గాని దానినిబట్టి తమ చేతి కత్తిని మార్చుకొన్నవారు మిక్కిలి తక్కువ. పత్రిక చదువుట మాత్రమే నేర్చుట కాదనుటకు ఇంతకంటె సాక్ష్యము వలదు.

లెక్క చెప్పిన తీర్పు

గురువు మాటకును శిష్యుని మాటకును తగవు వచ్చినప్పుడు తీర్చువా డెవడు? రోగుల లెక్కయే తీర్పరి యని ఇరువదవ శతాబ్దపు నడిమి భాగమున వైద్యలోకము గ్రహించెను. 1947లో బ్రిటనులో క్షయవ్యాధికి స్ట్రెప్టోమైసిన్ మందును పరీక్షించునప్పుడు ఆస్టిన్ బ్రాడ్‌ఫర్డ్ హిల్ అను గణాంకవేత్త సూచించిన మార్గమును అనుసరించిరి. ఏ రోగికి ఏ చికిత్స యీయవలెనో వైద్యుడు నిర్ణయింపరాదు. చీటీ వేసినట్లు నిర్ణయము కావలెను. వైద్యుడు ఎంచినచో బలముగలవారిని ఒక ప్రక్కకును బలహీనులను మరియొక ప్రక్కకును తనకు తెలియకుండగనే నెట్టును. చీటీకి పక్షపాతము లేదు. రెండు గుంపులును ఒక్క తీరుగ నున్నప్పుడే ఫలితములోని భేదము చికిత్స వలన కలిగినదని చెప్ప వీలగును.

ఈ మార్గమును స్తన కాన్సరునకు పట్టించినవారిలో ముఖ్యుడు అమెరికాలోని పిట్స్‌బర్గ్ నగరపు బెర్నార్డ్ ఫిషర్. కాన్సరు వరుసగా ప్రాకునది కాదనియు, రక్తముద్వారా తొలినాళ్ళలోనే దేహమంతట వ్యాపింపగలదనియు అతడు ప్రయోగశాలలో చేసిన పరిశోధనలనుబట్టి అనుమానించెను. అదే నిజమైనచో కోత వైశాల్యము పెంచి ప్రయోజనము లేదు. 1971లో అతని నాయకత్వమున మొదలైన పరీక్షలో 1,600 మందికి పైగా స్త్రీలు చేరిరి. కండరములతోసహా తీసివేయు హాల్‌స్టెడ్ ఆపరేషనును, స్తనమును మాత్రము తీసివేయు ఆపరేషనును సరిపోల్చిరి. పెక్కుమంది శస్త్రవైద్యులు మొదట తమ రోగులను పంప నిరాకరించిరి. చీటీ వేసి ఆపరేషను నిర్ణయించుట తమ వృత్తికి అవమానమని వారికి తోచెను.

1976లో ఫిషర్ మరియొక పరీక్ష ప్రారంభించెను. స్తనము మొత్తము తీయుట, గడ్డను మాత్రము తీయుట, గడ్డను తీసి కిరణ చికిత్స చేయుట అను మూడింటిని ఇందు సరిపోల్చిరి. 1,800 మందికి పైగా స్త్రీలు ఇందు పాల్గొనిరి. అంతకుముందే, 1973లో, ఇటలీలోని మిలాను నగరమున ఉంబెర్టో వెరొనేసి 701 మంది స్త్రీలతో ఇట్టి పరీక్షనే మొదలిడి యుండెను. ఈ రెండు పరీక్షల ఇరువదియేండ్ల ఫలితములు 2002లో ఒకే వైద్యపత్రిక యొక్క ఒకే సంచికలో వెలువడెను. స్తనమును నిలుపుకొన్నవారును, కోల్పోయినవారును సమానముగనే జీవించిరి. కిరణ చికిత్స లేకుండ గడ్డను మాత్రమే తీసినచో నూటికి ముప్పదితొమ్మిదిమందికి అదే స్తనమున కాన్సరు మరల వచ్చెను. కిరణ చికిత్స చేసినచో పదునలుగురికి మాత్రమే వచ్చెను. ఏమి విడువవలెనో, ఏమి విడువరాదో రెండును ఒక్క లెక్కయే చెప్పెను.

ఫిషర్ పరీక్షకును ఒక గండము వచ్చెను. అందు పాల్గొన్న ఒక కెనడా వైద్యుడు కొందరు రోగుల వివరములను మార్చి వ్రాసెనని తేలి 1994లో పెద్ద అలజడి చెలరేగెను. ఆ రోగులను తీసివేసి మరల లెక్కించిరి. ఫలితము మారలేదు. పలువురు వైద్యులు, పలు ఆసుపత్రులు కలిసి చేసిన పనికి ఇదియే బలము; ఒకరి దోషము మొత్తమును కూల్చలేదు.

అమెరికా జాతీయ ఆరోగ్యసంస్థలవారు నిపుణులను సమావేశపరచి 1979లో హాల్‌స్టెడ్ ఆపరేషనును తొలినాళ్ళ కాన్సరునకు ప్రమాణముగ నుంచనక్కరలేదని తీర్మానించిరి. పరీక్షను, ఆపరేషనును వేరు వేరు దినములలో చేయవలెనని కూడ సూచించిరి. ఈ రెండవ మార్పునకు వైద్యులకంటె ఎక్కువగ పోరాడినది రోజ్ కుష్నర్ అను పాత్రికేయురాలు. 1974లో తనకే ఆ వ్యాధి సోకగా, నిద్రలో తనకు తెలియకుండ స్తనమును తీసివేయుట కామె యొప్పుకొనలేదు. 1894నుండి 1979వరకు ఎనుబదియైదు సంవత్సరములు! ఆ కాలపు వైద్యులు సోమరులు కారు, మూర్ఖులును కారు. రాత్రులు మేల్కొని చదివినవారే. తాము నేర్చినదానినే చదువుచు, దానినే మెరుగుపరచుచు వచ్చిరి గాని దానిని ప్రశ్నింపలేదు.

క్రొత్తకు ఎగబడిన వైనము

పాతను విడువకపోవుట ఒక దోషమైనచో, క్రొత్తదానికి తొందరపడి యెగబడుట మరియొక దోషము. 1990ల దశకమున అమెరికాలో స్తన కాన్సరు ముదిరిన స్త్రీలకు అత్యధిక మోతాదులో మందులిచ్చి, ఆ మందుల ధాటికి నశించిన మూలుగను వారివే కణములతో మరల నింపు చికిత్స ప్రబలెను. మందు ఎక్కువైన కాన్సరు ఎక్కువగ చచ్చునన్నది దాని తర్కము. ఎక్కువ కోసిన ఎక్కువ నయమన్న హాల్‌స్టెడ్ తర్కమే ఇది మరియొక వేషమున వచ్చెను. రోగులు, వైద్యులు, పత్రికలు, న్యాయస్థానములు సైతము ఆ చికిత్స కావలెనని పట్టుబట్టిరి. చీటీ పరీక్షలు ముగియకముందే వేలాది స్త్రీలు దానికి లోనైరి. కొందరు ఆ చికిత్సవలననే మరణించిరి.

1999లో అమెరికా కాన్సరు వైద్యుల వార్షిక మహాసభలో అయిదు పరీక్షల ఫలితములను వినిపించిరి. నాలుగింటిలో ఆ తీవ్ర చికిత్సవలన చెప్పుకోదగిన మేలు కనబడలేదు. జొహాన్నెస్‌బర్గ్ నగరపు వైద్యు డొకడు మాత్రము తన పరీక్షలో గొప్ప మేలు కనబడెనని చెప్పెను. అది నిజమో కాదో చూచుటకు 2000లో అమెరికానుండి ఒక బృందము వెళ్ళి, ఆసుపత్రి కాగితములను విప్పి చూచెను. చెప్పినదానికి ఆధారములు దొరకలేదు. ఆ వైద్యుడు తన తప్పును అంగీకరింపవలసి వచ్చెను. అంతటితో ఆ చికిత్స స్తన కాన్సరు వైద్యమునుండి క్రమముగ తొలగిపోయెను. మహాసభలో విన్నంతమాత్రమున నమ్మరాదను పాఠము నిలిచెను.

భీమవరపు బిడ్డ పని

పాతను పట్టుకొని వ్రేలాడకయు, క్రొత్తను గ్రుడ్డిగ నమ్మకయు, కంటికి కనబడినదానినిబట్టి మనస్సు మార్చుకొనుట యెట్టిదో చెప్పుటకు తెలుగువారికి దగ్గరి కథయే కలదు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు 1923లో అమెరికా చేరి, హార్వర్డ్ విశ్వవిద్యాలయమున పరిశోధించి, 1940లో లెడర్లె ప్రయోగశాలలో ప్రవేశించెను. అతని నాయకత్వమున 1945 నాటికి ఫోలిక్ ఆమ్లము కృత్రిమముగ తయారయ్యెను. ఆ ఆమ్లపు కథ మొదలైనది బొంబాయిలో. అక్కడి బట్టల మిల్లులలో పనిచేయు గర్భిణీస్త్రీల రక్తహీనత ఈస్టుతో కుదురునని లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు అంతకు పదునైదేండ్ల క్రిందట కనుగొనెను. ఆ ఈస్టులోని సారమే ఫోలిక్ ఆమ్లమని పిమ్మట తేలెను.

రక్తమును పెంచు పదార్థము రక్తపు జబ్బునకెల్ల మేలు చేయునని తలచుట సహజము. బోస్టను నగరపు పిల్లల ఆసుపత్రిలోని సిడ్నీ ఫార్బర్ లుకేమియా వచ్చిన పిల్లలకు సుబ్బారావు బృందము సిద్ధపరచిన ఫోలిక్ ఆమ్ల సంబంధములైన పదార్థములను ఇచ్చి చూచెను. జబ్బు తగ్గుటకు మారుగ త్వరపడినట్లు తోచెను. ఫార్బర్ ఆ చేదు నిజమును దాచలేదు, చూడనట్లు నటింపలేదు. ఫోలిక్ ఆమ్లము కాన్సరు కణములకు ఆహారమైనచో, ఆ యాహారమును అడ్డగించు పదార్థము వానిని మాడ్పవలెను గదా యని తలక్రిందుగ నాలోచించెను. అట్టి పదార్థములను సుబ్బారావు బృందమే తయారుచేసెను. తాళములో దూరునే గాని తిరుగని దొంగ తాళపుచెవి వంటివి అవి. వానిలో ఒకటైన అమినాప్టెరిన్‌ను 1947 చివర పిల్లలకు ఇయ్యసాగిరి. 1948 జూనులో వెలువడిన వ్యాసములో పదునారుగురు పిల్లలలో పదిమందికి జబ్బు తగ్గుముఖము పట్టినట్లు ప్రకటించిరి. ఆ మేలు తాత్కాలికమే. అయినను అంతకుముందు అదియు లేదు. అదే సంవత్సరము ఆగస్టులో సుబ్బారావు తన ఏబదిమూడవ యేట మరణించెను. ఆ మందునకు సోదరప్రాయమైన మెథొట్రెక్సేట్ నేటికిని పిల్లల లుకేమియాకు వాడబడుచున్నది. ఇతర మందులతో కలిపి క్రమముగ ఇచ్చుటవలన ఇప్పుడు మంచి వసతులుగల ఆసుపత్రులలో ఆ జబ్బు సోకిన పిల్లలలో నూటికి తొంబదిమంది వరకు కోలుకొనుచున్నారు. హాల్‌స్టెడ్ శిష్యులకు ఎనుబదియేండ్లు పట్టిన పని ఫార్బర్‌కు కొద్దికాలములో సాధ్యమగుటకు కారణము, తన యూహ తప్పని కనబడినంతనే దానిని వదలుకొనుటయే.

బల్ల చుట్టు కూర్చున్న వైద్యులు

మహానుభావులకు తప్ప సామాన్య వైద్యునికి ఇట్టి మనోధర్మము సాధ్యమా? ఒంటరిగ అసాధ్యమనియే కాన్సరు వైద్యులు గ్రహించిరి. అందువలన నేడు వారి చదువు చాలవరకు పదిమందితో కలిసి సాగుచున్నది.

అందు ముఖ్యమైనది ట్యూమర్ బోర్డు అను సమావేశము. పెద్ద కాన్సరు ఆసుపత్రులలో ఇది సాధారణముగ వారమున కొకసారియైనను జరుగును. కత్తిపట్టు శస్త్రవైద్యుడు, మందులిచ్చు వైద్యుడు, కిరణ చికిత్స చేయు వైద్యుడు, స్కాను చిత్రములు చదువు వైద్యుడు, ముక్కను సూక్ష్మదర్శినిలో పరీక్షించు పాథాలజిస్టు ఒకచోట కూర్చుందురు. రోగి వివరములను చిన్న వైద్యు డొకడు చదివి వినిపించును. శస్త్రవైద్యుడు ముందుగ ఆపరేషను చేయుదమనును. గడ్డ పెద్దదిగా నున్నది, ముందు మందులిచ్చి కరగింతమని మరియొకరందురు. ఏ పరీక్షలో ఏ ఫలితము వచ్చినదో చూపుమని మూడవవారు అడుగుదురు. పాథాలజిస్టు గాజుపలకను మరల చూచి, మొదట అనుకొన్న జబ్బు ఇది కాదని చెప్పిన సందర్భములును కలుగును. ముప్పదియేండ్ల యనుభవముగల ఆచార్యుడు తన నిర్ణయమునకు కారణము చెప్పుకొనవలసిన చోటు ఇది. నిన్న పట్టా పుచ్చుకొన్న యువకుడు అతనిని ప్రశ్నింపగల చోటును ఇదియే. ఒక్కొక్క రోగి విషయమై అందరును పాఠము చెప్పుకొందురు, నేర్చుకొందురు.

వైద్యపత్రికలను చదువుటకును ఇట్టి గోష్ఠులే కలవు. ఒక వ్యాసమును ఎంచుకొని పరిశీలింతురు. ఎందరు రోగులు? చీటీ వేసిరా? ఎన్ని యేండ్లు కనిపెట్టిరి? గడ్డ చిన్నదగుటను లెక్కించిరా, రోగి బ్రతుకుటను లెక్కించిరా? ఖర్చు భరించిన దెవరు? హాల్‌స్టెడ్ నాటి మెలికను కనిపెట్టుటకు ఈ ప్రశ్నలే పనికివచ్చును. ఒక్కొక్క పరీక్షనే గాక, ఒకే ప్రశ్నపై జరిగిన పరీక్షలన్నిటిని కూర్చి లెక్కించుట 1980ల దశకమునుండి ఆక్స్‌ఫర్డ్‌లోని గణాంకవేత్తలు స్తన కాన్సరు విషయమున చేయుచు వచ్చిరి. నిపుణులు ఆ ఫలితములనుబట్టి చికిత్సా మార్గసూచికలను వ్రాసి, ఎప్పటికప్పుడు సవరింతురు.

జబ్బు ఏ దశలో నున్నదో చెప్పు కొలబద్ద సైతము మారుచుండును. ఫ్రెంచి వైద్యుడు పియెర్ దెన్వా 1940ల దశకమున కల్పించిన టి.ఎన్.ఎమ్. పద్ధతిని అంతర్జాతీయ సంఘమువారు గ్రంథరూపమున 1968లో ప్రకటించిరి. 2017 నాటికి అది ఎనిమిదవ కూర్పునకు వచ్చెను. పాపిల్లోమా వైరసువలన కలుగు గొంతు కాన్సరు చికిత్సకు బాగుగ లొంగునని తేలుటచే, పూర్వపు కూర్పులో నాల్గవ దశ యనిపించుకొన్న రోగులలో పెక్కురు ఈ కూర్పులో మొదటి దశలోనికి వచ్చిరి. గడ్డ మారలేదు, గ్రంథము మారెను. పాత గ్రంథము చూచి చెప్పు వైద్యుడు రోగిని అకారణముగ భయపెట్టినవాడగును.

మన ప్రాంతము, మన ప్రశ్నలు

ఈ జ్ఞానమంతయు పడమటినుండి వచ్చునదే యనుకొనుట పొరపాటు. శ్రీకాకుళము, విశాఖపట్టణ ప్రాంతములలో చుట్ట నిప్పును నోటిలోపల నుంచుకొని కాల్చు అలవాటు, ముఖ్యముగ స్త్రీలలో, పూర్వమునుండి కలదు. దానిని అడ్డపొగ యందురు. ఆ వేడికిని పొగకును అంగిలిలో కాన్సరు పుట్టుచున్నదని అక్కడి రోగులను చూచిన వైద్యులు గుర్తించి, 1950ల దశకములోనే వైద్యపత్రికలలో ప్రకటించిరి. మరియే దేశపు పాఠ్యగ్రంథమునుండియు నేర్చుకొన వీలులేని విషయమిది. ఎదుటనున్న రోగిని శ్రద్ధగ చూచినవారే దీనిని ప్రపంచమునకు నేర్పిరి.

నోటి కాన్సరు మన దేశమున మిక్కుటము. కాన్సరు చిన్నదిగా నున్నప్పుడు నోటి గడ్డతోపాటు మెడలోని బిళ్ళలనుకూడ ముందుగనే తీసివేయవలెనా, అవి ఉబ్బినప్పుడు తీసిన చాలునా యన్న ప్రశ్న శస్త్రవైద్యులను దశాబ్దముల తరబడి బాధించెను. 1941లో వెలసిన బొంబాయి టాటా స్మారక ఆసుపత్రి వైద్యులు చీటీ పరీక్షచేసి దీనిని తేల్చిరి. ముందుగనే తీసినవారిలో మూడేండ్లకు నూటికి ఎనుబదిమంది జీవించియుండగా, వేచి చూచినవారిలో అరువదియేడుగురు మాత్రమే జీవించియుండిరి. 2015లో చికాగో నగరపు మహాసభలో ఈ ఫలితమును అనిల్ డిక్రూజ్ వినిపింపగా దేశదేశముల వైద్యులు తమ పద్ధతిని సరిచూచుకొనిరి. ఇచ్చట తక్కువ కోయుట గాక ముందుగ కోయుటయే మేలని తేలెను. తక్కువ కోత యెల్లవేళల ఒప్పనియు, ఎక్కువ కోత యెల్లవేళల తప్పనియు సూత్రము లేదు. ప్రతి ప్రశ్నను దానికదిగ లెక్కచూచి తేల్చవలెను.

మన దేశమున చిక్కు వేరొకచోట కలదు. హైదరాబాదు, విశాఖపట్టణములవంటి నగరములలోని పెద్ద కాన్సరు ఆసుపత్రులలో ట్యూమర్ బోర్డులును గోష్ఠులును జరుగ వీలున్నది. జిల్లా పట్టణమున ఒంటరిగ పనిచేయు వైద్యుని ముంగిట ఉదయమునుండి సాయంకాలమువరకు రోగులు వరుసకట్టి యుందురు. అతనికి పత్రిక చదువ తీరిక యుండదు. సందేహము తీర్చు సహచరుడు ప్రక్కన నుండడు. అతని బల్లచెంతకు క్రమము తప్పక వచ్చి క్రొత్త విషయము చెప్పువాడు మందుల కంపెనీ ప్రతినిధి యొక్కడే. ఆ ప్రతినిధి చెప్పునది అబద్ధము కానక్కరలేదు. కాని అతడు అమ్మదలచినదానిని గురించియే చెప్పును. ఏ మందును మానవచ్చునో అతడెన్నడును చెప్పడు.

భారత వైద్యమండలి 2002లో రూపొందించిన నియమావళి, ప్రతి వైద్యుడును అయిదేండ్ల కొకసారి కనీసము ముప్పది గంటలు వైద్యవిద్యా సమావేశములలో పాల్గొనవలెనని చెప్పెను. ఏడాదికి ఆరు గంటలు! ఒక పగటికంటె తక్కువ. హాజరుపట్టీలో సంతకము చేసినంత మాత్రమున జ్ఞానము కలుగదనియు ఉపాధ్యాయులకు వేరుగ చెప్పనక్కరలేదు. 2012లో ఏర్పడిన జాతీయ కాన్సరు గ్రిడ్ ఇంతకంటె మేలైన ప్రయత్నము. టాటా స్మారక కేంద్రము ఆధారముగ దేశమందలి కాన్సరు ఆసుపత్రులు ఇందు చేరినవి. మన రోగుల ఆర్థికస్థితికి తగిన మార్గసూచికలను అది ప్రకటించుచున్నది. దూరమున నున్న వైద్యులు తెరమీద ఒకరినొకరు చూచుకొనుచు క్లిష్టమైన కేసులను చర్చించు ఏర్పాటును చేసినది. బల్ల చుట్టు కూర్చుండు భాగ్యము చిన్న ఊరి వైద్యునికిని కొంతవరకు లభించినది.

తరగతి గదికి చెందిన పాఠము

ఈ వృత్తాంతమంతయు వైద్యులకు మాత్రమే చెందినది కాదు. పాఠశాలలో ప్లూటో తొమ్మిదవ గ్రహమని నేర్చినవారే 2006 తరువాత గ్రహములు ఎనిమిదియే యని నేర్పవలసి వచ్చెను. పుస్తకము మారినదని విద్యార్థి యడిగినప్పుడు ఉపాధ్యాయుడు రెండు విధములుగ జవాబీయవచ్చును. పై అధికారులు మార్చిరి, ఇప్పు డిట్లు వ్రాయుమనవచ్చును. లేదా ఎందుకు మార్చిరో, ఏ సాక్ష్యమునుబట్టి మార్చిరో విప్పిచెప్పవచ్చును. మొదటి జవాబు విన్న విద్యార్థి క్రొత్త మాటను బట్టీపట్టును. రెండవ జవాబు విన్న విద్యార్థి రేపు ఏ మాటను ఎట్లు పరీక్షింపవలెనో నేర్చును. వానిలో ఒకడు వైద్యుడైనచో ఆ భేదము ఒక రోగి దేహముమీద కనబడును.

గురువుపట్ల గౌరవము మన సంప్రదాయమున గొప్ప గుణము. హాల్‌స్టెడ్ శిష్యులకును ఆ గుణము నిండుగ నుండెను. గురువు చెప్పిన మాటను కాపాడుటయే గౌరవమని వారు తలచిరి. గురువు అడుగక విడిచిన ప్రశ్నను అడుగుట సైతము గౌరవమే యని ఫిషర్, వెరొనేసి నిరూపించిరి. నేడు ట్యూమర్ బోర్డులో వెనుక వరుసనుండి లేచి, “అయ్యా, ఇందుకు ఆధారమేమి?” యని వినయముగ అడుగు చిన్న వైద్యుడును, కోపగింపక దానికి జవాబు వెదకు పెద్ద వైద్యుడును ఆ గౌరవమునే పాటించుచున్నారు. అట్లు అడుగుటకు ధైర్యమును, అడిగినప్పుడు ఓర్చుకొను గుణమును వైద్యకళాశాలలో క్రొత్తగ నేర్పుట కష్టము. అవి పల్లెటూరి బడిలో, ఆరవ తరగతి బల్లలమీద, చేయి యెత్తిన పిల్లవానిని గురువు కూర్చుండుమనక చెప్పుమన్న దినముననే మొదలగును.